ఎత్తు తక్కువైనను ఎదురులేని జట్టు

సాయంకాలము బడి విడిచిన పిమ్మట బాలురు ఆటస్థలమున రెండు జట్లుగా విడిపోవునపుడు జరుగు తంతును మనమందరము చూచియే యున్నాము. నాయకులిద్దరును ముందుగా పొడవైన వారినే కోరుకొందురు. తరువాత బలిష్ఠులు పోవుదురు. పొట్టివాడు కడపట మిగులును. ఒక్కొక్కనాడు వానికి తక్కినవారి పుస్తకములకును చొక్కాలకును కావలియుండు పనియే దక్కును. "బాస్కెట్‌బాల్ పొడుగువారి ఆట, నీకెందుకురా?" అను మాట వాని చెవిని పడుచునే యుండును. ఈ మాట యెంతవరకు నిజమో విచారించుటకే మేమీ వ్యాసమును వ్రాయబూనితిమి. ఇందులకు సాక్ష్యముగా 1963–64 సంవత్సరమున అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరపు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము పక్షమున ఆడిన విద్యార్థుల జట్టును చదువరుల ముందు నిలుపుచున్నాము. ఆ విద్యాలయమును అందరును యు.సి.ఎల్.ఏ. అని పిలుతురు. మేమా జట్టునకు అభిమానులము. అభిమానము కన్నులు మూయునందురు గాని, దాని గుణములతోపాటు దోషములను గూడ చెప్పుటకు యత్నింతుము.

పరదేశపు జట్టు మన కేలయని కొందరడుగవచ్చును. ఈ ఆటయే మిషను పాఠశాలలకు చుట్టము. 1891వ సంవత్సరమున స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున క్రైస్తవ యువజన సంఘమువారి శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయుడైన జేమ్స్ నైస్మిత్ చలికాలమున ఇంటిలోపల ఆడుకొనుటకు దీనిని కల్పించెను. పండ్ల బుట్టలు రెండింటిని పది అడుగుల యెత్తున మేడవరండాకు కొట్టించి, బంతిని అందులో వేయుడనెను. గురి నేలమీద నుండినచో ఆటగాండ్రు బంతిని బలముకొలది విసరుదురనియు, పైన నుండినచో మెత్తగా, నేర్పుతో వేయవలసివచ్చుననియు ఆయన యోచన. ఆ సంఘమువారే ఈ యాటను మన దేశమునకును తెచ్చిరి. 1920వ సంవత్సరమున హ్యారీ క్రో బక్ దొరగారు మద్రాసున స్థాపించిన వ్యాయామ శిక్షణశాలలో చదివినవారు దక్షిణదేశపు పాఠశాలలలో వ్యాయామోపాధ్యాయులైరి. కావున ఈ జట్టు కథ మనకు మరీ దూరపుది కాదు.

ఆట నెరుగని తల్లిదండ్రుల కొరకు ముందుగా నాలుగు మాటలు చెప్పవలసియున్నది. అమెరికా కాలేజీలవారి ఆటస్థలము 94 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు కలది. రెండు చివరలను పది అడుగుల యెత్తున ఇనుప కమ్ములు వలలతో వ్రేలాడుచుండును. పక్షమునకు ఐదుగురు. బంతిని పట్టుకొని పరుగెత్తరాదు. నేలకు కొట్టుచు పోవలెను, లేదా తోడివానికి అందింపవలెను. ఒకరు గోలు వేసిన వెంటనే రెండవవారు తమ కొసగీత వెనుకనుండి 5 సెకండ్లలో బంతిని లోపలికి వేయవలెను. లోనికి వచ్చిన బంతిని 10 సెకండ్లలో నడిమిగీత దాటింపవలెను. ఈ పది సెకండ్ల నిబంధనను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక! మా కథయంతయు దానిమీదనే ఆధారపడియున్నది.

పొడవువలన కలుగు లాభము స్పష్టమే. గోలు తప్పి కమ్మికి తగిలి పైకెగిరిన బంతి పొడుగువాని చేతికే ముందు చిక్కును. బుట్ట క్రింద నిలిచిన పొడుగువానిపై నుండి బంతి వేయుట పొట్టివానికి దుర్ఘటము. అందుచేతనే కాలేజీలవారు ఊరూర వెదకి పొడుగువారిని చేర్చుకొనుచుందురు. 1964లో పేరుమోసిన జట్లలో ఆరడుగుల పదంగుళముల మనుష్యులుండిరి. మన జట్టులో మొదట దిగు ఐదుగురిలో ఎవ్వడును 6 అడుగుల 5 అంగుళములకు మించినవాడు కాడు. మన యూరిలో అట్టివానిని చూచి పిల్లలు వెంటబడుదురు గాని, ఆ యాటలో అట్టివాడు బుట్టక్రింద నిలువదగినవాడు కాడని పెద్దల తీర్పు. ఐనను ఆ యేడు ఈ జట్టు 30 ఆటలాడి 30ని గెలిచెను, ఒక్కటియు ఓడలేదు.

ఇక ఆ యైదుగురిని ఒక్కొక్కరిగా పరిచయము చేయుదుము.

బంతిని నడుపువాడు ఫిలడెల్ఫియానుండి వచ్చిన వాల్ట్ హాజర్డ్. ఇతడు ఒకవైపు చూచుచు మరియొకవైపు బంతి నందించును. మొదట తోడివారికే ఆ పాసు లందక మొగములకు తగులుచుండెడివట. హాజర్డ్ తన వేగమును చంపుకొనలేదు. తోడివారే ఎల్లప్పుడును చేతులు సిద్ధముగా నుంచుకొన నేర్చుకొనిరి. జట్టునకు కన్నులితడే యని మా యభిప్రాయము. రెండవ గార్డు గెయిల్ గుడ్రిచ్. ఆరడుగుల ఒక యంగుళము; సన్నని దేహము; ఎడమచేతివాటము. ఈ పొట్టివాడే ఆ సంవత్సరము జట్టులో ఎక్కువ పాయింట్లు చేసెను: ఆటకు సగటున 21.5. హాజర్డ్ సగటు 18.6. చేతిలో బంతి లేకపోయినచో గుడ్రిచ్‌కు మొదట తోచెడిది కాదు. బంతి లేనపుడు గూడ ఆటగానికి పని యున్నదని, తెరపి చోటునకు పరుగెత్తి పాసునకై సిద్ధముగా నుండవలెనని శిక్షకుడు బోధింపగా, ఆ పాఠము నేర్చిన పిమ్మటనే అతడు గొప్పవాడయ్యెను.

సెంటరు ఫ్రెడ్ స్లాటర్ కాన్సస్ రాష్ట్రమువాడు. 6 అడుగుల 5 అంగుళములు. సెంటరు స్థానమునకు ఇది మిక్కిలి తక్కువ యెత్తు. కాని ఈతడు బరువైన దేహము కలవాడయ్యును పరుగుపందెములలో గూడ నిలువగలిగినవాడు. జాక్ హర్ష్ 6 అడుగుల 3 అంగుళముల ఫార్వర్డు. పట్టుదల గలవాడు, ఒకరికి లోబడు స్వభావము లేనివాడు. పొడుగువారి ప్రక్కను తన దేహమును చొప్పించి బంతిని దక్కించుకొనుటలో నేర్పరి. ఐదవవాడు కీత్ ఎరిక్సన్, 6 అడుగుల 5 అంగుళములు. ఇతడు వాలీబాలునందును అంతటి మేటి యగుటచే 1964వ సంవత్సరపు టోకియో ఒలింపిక్ ఉత్సవములకు అమెరికా వాలీబాలు జట్టులో వెళ్లెను. హాజర్డ్ అదే ఉత్సవములకు బాస్కెట్‌బాల్ జట్టులో వెళ్లి స్వర్ణపతకము గొనివచ్చెను. వాలీబాలు నెట్టుకడ నేర్చిన ఎగురుటయు, బంతి యెచటికి రానున్నదో ముందుగా గ్రహించుటయు ఎరిక్సన్‌కు ఈ యాటలో ఎట్లుపయోగపడెనో ముందు చెప్పెదము.

ఈ యైదుగురితో జట్టు ముగియలేదు. ఆట ఆరంభమున బల్లమీద కూర్చుండి, పిలిచినపుడు లేచివచ్చు వారిరువురు గలరు: కెన్నీ వాషింగ్టన్, డగ్ మెకింటాష్. వీరి పేర్లను గూడ మనస్సున నుంచుకొనవలెను.

శిక్షకుని పేరు జాన్ ఉడెన్. ఇండియానా రాష్ట్రమున 1910లో జన్మించి, మొదట ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడుగా పనిచేసెను. క్రైస్తవ భక్తుడు, మృదుభాషి. తన్ను కోచి యనుకొనుటకంటె ఉపాధ్యాయుడననుకొనుటయే ఆయన కిష్టము. యు.సి.ఎల్.ఏ.కు 1948లో వచ్చెను. వచ్చినది మొదలు 1964 వరకు ఒక్క జాతీయ విజయమైనను ఆయనకు లభింపలేదు. 1962లో ఫైనలునకు ముందటి ఆటలో సిన్‌సినాటీ జట్టు చేతిలో 72–70 తో ఓడెను. ఈ కాలములో ఆయన జట్టునకు సరియైన ఆటశాల గూడ లేదు. పాత వ్యాయామశాలలో కుస్తీ పట్టువారును దొమ్మరి విద్యలు సాధించువారును ఒకప్రక్క నుండగా, వీరొకప్రక్క ఆడుకొనెడివారు. సాధనకు ముందు నేలమీది దుమ్మును శిక్షకుడే సహాయకులతో గూడి ఊడ్చి తుడిచెడివాడు.

ప్రతి సంవత్సరమును మొదటినాటి పాఠము ఆయన యొక్కతీరుననే చెప్పెడివాడు. అది బంతిని గూర్చినది కాదు; మేజోళ్లు తొడుగుకొను విధమును గూర్చినది! మడత పడకుండ మేజోడును సవరించి, జోడు త్రాళ్లను బిగించి కట్టుకొనవలెను. మడత పడినచో బొబ్బ లేచును. బొబ్బ లేచినచో పరుగు కుంటుపడును. పరుగు కుంటుపడినచో ఆట పోవును. దేశమున పేరుపొందిన యువకులు నేలమీద కూర్చుండి చిన్నపిల్లలవలె ఈ పాఠమును విన్నారన్న సంగతి మా కెంతయో నచ్చినది. ఈ జట్టు కాళ్లతో గెలిచిన జట్టు. కావున మొదటి పాఠము కాళ్లను గూర్చినదే యగుట యుక్తము.

ఇక కాళ్లతో ఎట్లు గెలిచిరో చెప్పుదుము. 1963వ సంవత్సరపు సాధన ఆరంభించునపుడు సహాయ శిక్షకుడైన జెర్రీ నార్మన్ ఉడెన్‌కు ఒక సలహా చెప్పెను. మన కుఱ్ఱవాండ్రు పొట్టివారు, కాని చురుకైనవారు. ప్రతిపక్షములవారు పొడుగువారు, మెల్లగా ఆడువారు. వారి నడకకు మనము సరిపడుటకంటె, వారిని మన పరుగునకు లాగవలెనని ఆ సలహా సారాంశము. దానికి సాధనము ఆటస్థలమంతటను కావలి కాయుట. దీనినే జోన్ ప్రెస్సు అందురు. అది క్రొత్తగా కనిపెట్టినది కాదు. దానిని ఉడెన్ పూర్వము తానే వాడియుండెను. కాని సంవత్సరము పొడుగునను, ప్రతి ఆటలోను, మొదటి నిమిషమునుండియు దానినే నమ్ముకొనుట సాహసమైన పని.

సాధారణముగా ఒక జట్టు గోలు వేసిన పిమ్మట వెనుకకు పరుగెత్తి తన బుట్టను కాచుకొనును. వీ రట్లు చేయలేదు. గోలు వేసినచోటనే నిలిచిరి. ముందువరుసను ఇద్దరు: గుడ్రిచ్, స్లాటర్. వారి వెనుక ఇద్దరు: హాజర్డ్, హర్ష్. అందరికంటె వెనుక ఒక్కడు: ఎరిక్సన్. ప్రతిపక్షమువాడు కొసగీత వెనుకనుండి దగ్గరనున్న తోడివానికి బంతి వేయును. ఆ మొదటి పాసును వీ రడ్డగింపరు, రానిత్తురు. బంతి చేతబడి ఆతడు ప్రక్కగీత వైపు తిరుగగానే ఇద్దరు మీదికి వచ్చి చేతులు పైకెత్తి నిలుతురు. ఒకవైపు గీత, రెండువైపుల మనుష్యులు. తక్కిన ఇద్దరు బంతి పోదగిన దారులలో అడ్డముగా నిలుతురు. పది సెకండ్లు గడచుచుండును. చిక్కినవాడు ఇద్దరి చేతులమీదుగా బంతిని ఎత్తుగా విసరును. ఎత్తుగా విసరిన బంతి మెల్లగా దిగును. అది దిగులోపల ఎరిక్సన్ దానిక్రింద నుండును. బంతి యెచటికి రానున్నదో గ్రహించు వాలీబాలు విద్య ఇక్కడనే అక్కరకు వచ్చెను.

ఈ వ్యూహమును గూర్చి చాలమందికి ఒక పొరపాటు గలదు. బంతిని దొంగిలించుటయే దీని ఉద్దేశమని తలతురు. అది కాదు. చేయి చాచి బంతిని లాగవలదనియే ఉడెన్ బోధించెడివాడు. లాగినచో ఫౌలు పడును. మనుష్యుడు చోటు తప్పును. చేతులెత్తి, కాళ్లు కదల్చి, దారి మూసిన చాలును. దీని నిజమైన ఉద్దేశము ప్రతిపక్షమును తొందరపెట్టుట. ఆ కాలమున కాలేజీ ఆటలో ఇన్ని సెకండ్లలో బుట్టకు బంతి వేసి తీరవలెనను నియమము లేదు. మెల్లగా ఆడదలచినవారు ఎంతసేపైనను బంతిని తమలో తాము అందించుకొనవచ్చును. అట్టి వారిని ఈ కావలి నిలువనీయదు. పది సెకండ్లలో గీత దాటవలెను గదా! దాటినవారు కూడ తొందరలో దాటుదురు. తొందరలో వేసిన బంతి గురి తప్పును. మొదట పావుగంట ఇదేమియు ఫలింపనట్లే తోచును. ఆ పిమ్మట ఎదుటివారి కాళ్లు బరువెక్కును. ఒక పాసు తప్పును. దానిని దిద్దబోయి రెండవది తప్పును. రెండు మూడు నిమిషములలో ఆట వారి చేయి జారిపోవును.

పొట్టితనము లోపము కాకపోవుటకు కారణ మిప్పుడు మనకు తెలియును. 94 అడుగుల స్థలములో ఎత్తు పనికివచ్చు చోటు రెండు చివరల కొలది అడుగులే. నడుమనున్న నేలయంతయు కాళ్లది. ప్రతిపక్షపు పొడుగువాడు దూరపు బుట్టక్రింద పోయి బంతికై చేయి చాచి నిలిచియుండును. బంతి యచటికి రానేరాదు. వాని యెత్తు కొట్టులో దాచిన ధాన్యమువలె ఆకలివేళ కందదు. తోడివారిని ఆదుకొనుటకై వాడు వెనుకకు వచ్చెనా, వంగి నేలకు బంతి కొట్టుచు చురుకైన వారినడుమ నడువవలసివచ్చును. ఆ పనిలో పొడవు సహాయము కాదు, భారమే. యు.సి.ఎల్.ఏ.వారు ఎత్తైనవారితో ఎత్తున పోరలేదు. పోరును ఎత్తు చెల్లని చోటికి మార్చిరి. వారి విజయరహస్యమంతయు ఈ యొక్కమాటలో నున్నదని మేము తలంచుచున్నాము.

దోషములను గూడ చెప్పుదుమని మాట యిచ్చితిమి. ఈ పద్ధతిలో వెనుక ఒక్కడే కావలి. ఎదుటివారు తొందరపడక రెండు చక్కని పాసులతో నడిమిగీత దాటినచో, ఆ యొక్కనిమీదికి ఇద్దరు ముగ్గురు వచ్చి సులభముగా గోలు వేయుదురు. రాత్రి ప్రయాణము చేసి అలసిన నాడు ఈ యాట సాగదు. ఫౌలులు పెరిగి ముఖ్యుడొకడు బయటికి పోయినచో వరుస చెదరును. జాతీయ పోటీలలో వీరు సియాటిల్ జట్టును 95–90 తోను, శాన్ ఫ్రాన్సిస్కో జట్టును 76–72 తోను మాత్రమే గెలిచిరి. సెమీఫైనలున కాన్సస్ స్టేటు జట్టు ఏడెనిమిది నిమిషములే మిగిలియుండగా 75–70 తో ముందుండెను. అపుడు వీరు వరుసగా 11 పాయింట్లు చేసి, కడకు 90–84 తో గెలిచిరి. ఆనాడు ఎరిక్సన్ చేసినవి 28. కావున ఓటమి యెరుగని జట్టనగా ఓటమి అంచును చూడని జట్టని తలపరాదు.

ఫైనలు 1964 మార్చి 21వ తేదీన కాన్సస్ సిటీ నగరమున జరిగెను. ఆ యూరి పేరు ఉడెన్ జీవితమున అంతకుముందే యొకసారి వినబడియుండెను. 1947లో ఆయన ఇండియానా స్టేటు కాలేజీకి శిక్షకుడై యుండగా, కాన్సస్ సిటీలో జరుగు చిన్న కాలేజీల పోటీకి ఆయన జట్టునకు పిలుపు వచ్చెను. కాని నల్లజాతివారిని ఆడనీయమను నియమ మొకటి యుండెను. ఆ జట్టులో క్లారెన్స్ వాకర్ అను నల్లజాతి విద్యార్థి గలడు. అతడు గొప్ప ఆటగాడని కాదు; జట్టులో నొకడు, అంతే. అతనిని విడిచి వచ్చుట కొప్పుకొనక ఉడెన్ ఆ పిలుపును నిరాకరించెను. మరుసటి సంవత్సరము ఆ నియమము తొలగెను. వాకర్ ఆ పోటీలో ఆడిన మొదటి నల్లజాతివాడయ్యెను. పదునారేండ్ల పిమ్మట అదే నగరమునకు ఉడెన్ తెచ్చిన జట్టులో హాజర్డ్, స్లాటర్, వాషింగ్టన్ నల్లజాతివారు; గుడ్రిచ్, ఎరిక్సన్, హర్ష్ తెల్లవారు. ఎదుట నిలిచిన డ్యూక్ విశ్వవిద్యాలయపు జట్టులో నాడు నల్లవా డొక్కడును లేడు.

డ్యూక్ జట్టులో జే బక్లీ, హ్యాక్ టిసన్ అను నిద్దరు ఒక్కొక్కడు 6 అడుగుల 10 అంగుళములు. జెఫ్ మల్లిన్స్ అను మేటి గురికాడు వేరుగా నుండెను. ఇంత పొడవునకు యు.సి.ఎల్.ఏ. నిలువలేదని అనేకులు తలచిరి. ఆరంభమున అట్లే తోచెను. స్లాటర్‌కు ఆట సాగకుండుట చూచి, కొద్ది నిమిషములకే ఉడెన్ అతనిని కూర్చుండబెట్టి మెకింటాష్‌ను దింపెను. పిమ్మట వాషింగ్టన్‌ను గూడ దింపెను. డ్యూకువారు 30–27 తో ముందుండిరి. అంతట పైని చెప్పిన ఘడియ వచ్చెను. ఒక పాసు తప్పెను, మరియొకటి తప్పెను. రెండున్నర నిమిషములలో యు.సి.ఎల్.ఏ.వారు వరుసగా 16 పాయింట్లు చేయగా, డ్యూకువారి కొక్కటియు రాలేదు. లెక్క 43–30 అయ్యెను. సగమాటకు 50–38. కడకు 98–83.

ఆ రాత్రి లెక్కల పట్టికను మేము పలుమార్లు చదివితిమి. గుడ్రిచ్ 27 పాయింట్లు. అది వింత కాదు. నాయకుడైన హాజర్డ్ 11 పాయింట్లు మాత్రము చేసి, ఫౌలులు నిండి ఆట ముగియకమునుపే బయటికి పోయెను. ఏడాదియంతయు మొదటి వరుసలో నిలిచిన స్లాటర్‌కు ఒక్కటియు లేదు. ఇక బల్లమీదనుండి లేచివచ్చిన కెన్నీ వాషింగ్టన్‌కు 26! మెకింటాష్‌కు 8 పాయింట్లు, 11 రీబౌండులు. పొడుగువారిద్దరి నడుమ పదునొకండుసార్లు బంతి ఆతని చేత చిక్కెను.

ఈ వాషింగ్టన్ దక్షిణ కరోలినా రాష్ట్రమున బ్యూఫర్టు అను చిన్న పట్టణమువాడు. అచట నల్లవారికొక బడి, తెల్లవారికొక బడి. ఫిలడెల్ఫియాలో ఆటస్థలమున హాజర్డ్‌తో పరిచయము కలుగగా, అతడే ఇతనిని గూర్చి ఉడెన్‌కు చెప్పెను. దేశము ఈ కొసనుండి ఆ కొసకు బస్సులో పోయి చేరిన బిడియస్థుడు. ఏడాదియంతయు అతని పేరు మొదటి ఐదుగురిలో లేదు. ఎవరైన అలసినపుడో, ఫౌలులలో చిక్కినపుడో పోయి ఆడి, తిరిగి వచ్చి కూర్చుండెడివాడు. ఐనను ప్రతిదినమును మొదటివారితో సమానముగా సాధన చేసెను. ఎన్నడు పిలుపు వచ్చునో తెలియనివాడు ఎల్లప్పుడును సిద్ధముగా నుండవలెను గదా. పిలుపు ఏడాదిలో కడపటి రాత్రి వచ్చెను, సిద్ధముగా నుండెను.

ఆ తరువాతి చరిత్ర యందరెరిగినదే. 1965లో వీరు మిషిగన్ జట్టును 91–80 తో గెలిచి రెండవసారి విజేతలైరి. ఆనాడు గుడ్రిచ్ ఒక్కడే 42 పాయింట్లు చేసెను. 1975 వరకు పండ్రెండేండ్లలో ఉడెన్ జట్లు పదిసార్లు జాతీయ విజయము పొందెను. ఆయన 2010లో 99 ఏండ్ల వయస్సున పరమపదించెను. పిదప వచ్చిన ఆయన జట్లలో ఏడడుగులకు పైబడిన లూ ఆల్సిండర్ వంటివారును, బిల్ వాల్టన్ వంటివారును ఉండిరి. ఆల్సిండర్‌నే పిమ్మట లోకము కరీమ్ అబ్దుల్-జబ్బార్ అని యెరుగును. ఆ జట్లే యు.సి.ఎల్.ఏ. జట్లలో ఉత్తమమైనవని వాదించు మిత్రులు మాకున్నారు. రెండు జట్లను ఎదురెదురుగా నిలిపినచో ఆల్సిండర్ జట్టే గెలుచునేమో. దానిని మేము కాదనము. కాని అట్టి మనుష్యుడు ఏ దేశమునకును తరమున కొకడు పుట్టును. అతని ఆటను చూచి ఆశ్చర్యపడవచ్చునుగాని అనుసరింప వీలుకాదు. 1964వ సంవత్సరపు జట్టునుండియైతే ఏ పాఠశాలవారైనను నేర్చుకొనవచ్చును. మా మక్కువకు కారణమిదియే.

బాలకులారా! మీలో పొట్టివారు ఈ వ్యాసమును చదివి, పొడవు అక్కరలేదని విఱ్ఱవీగవలదు. పొడవు మేలే, దానినిచ్చిన దేవునికి పొడుగువారు వందనము చేయుదురు గాక. కాని మన మైదానములో నడిమినేల ఎంత విశాలముగా నున్నదో ఒకసారి చూడుడు. అచట పరుగెత్తువానికిని, చేతులెత్తి దారిమూయువానికిని, పాసు ఎటు రానున్నదో కనిపెట్టువానికిని చోటున్నది. జట్టునాయకులారా! రేపు సాయంకాలము జట్లను కోరుకొనునపుడు కడపట మిగిలిన బాలుని చొక్కాలకు కావలియుంచకుడు. వానికొక చోటును, ఒక పనిని చూపుడు. ఆ చోటు మొదటినాడు బల్లమీదిదే యైనను, బల్లమీద కూర్చున్న బాలుడా! జోడుత్రాళ్లు బిగించి కట్టుకొనియే కూర్చుండుము. పిలుపు వచ్చినపుడు లేచుటకు ఆలస్యము కారాదు.